పొట్టి వెలుగుకు వాయువు ఇచ్చే జవాబు

 

ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతున్నదో ఆ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. ఆయన పాఠం చెప్పే తీరు గురించి నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ముందు వరసలోనే కూర్చున్నారు. అందుకని ఒక్క సంగతి గుర్తుచేసి విషయంలోకి వెళతాను. మనం లెక్క చేసి, శక్తి ఇన్ని జౌళ్ళు అని బోర్డు మీద రాసి పక్కకు తప్పుకోగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న, "ఎంత సేపట్లో?" అని. వంద గ్రాముల బరువును మీటరు ఎత్తుకు లేపడానికి దాదాపు ఒక జౌలు చాలు. అదే జౌలును ఒక్క పికోసెకనులో, అంటే సెకనులో లక్షకోట్లవ వంతులో ఖర్చుపెడితే ఆ కాస్తసేపూ సామర్థ్యం లక్ష కోట్ల వాట్లు. శక్తి అంతే ఉంది, వ్యవధి మారింది.

ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. వాయువుతో పనిచేసే లేజర్ ఆంప్లిఫయర్‌లోకి బాగా పొట్టి కాంతి పల్సును పంపితే ఏమవుతుంది? పెద్దదై బయటికి వస్తుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. అది నిజమే కానీ సగమే. ఆ పల్సు ఆకారం మార్చుకుని వస్తుంది. ఒక్కోసారి రావలసిన వేళకంటే ముందే వస్తుంది. ఒక్కోసారి ఒక్క పల్సు లోపలికి వెళితే ఒక వరస బయటికి వస్తుంది. ఇందులో ఏది జరగాలో తేల్చేది వాయువు లోపలి వ్యవధులు. అణువులు ఢీకొనడానికి పట్టే కాలం, తిరుగుడు మార్చుకోవడానికి పట్టే కాలం, పక్క అణువుకు శక్తిని అప్పగించడానికి పట్టే కాలం, ఇలా వేటి వ్యవధి వాటిదే. వచ్చిన పల్సు వీటిలో దేనికంటే పొడుగు, దేనికంటే పొట్టి అన్నదాన్ని బట్టి అదే గొట్టం, అదే వాయువు వేరు వేరు యంత్రాల్లా పనిచేస్తాయి. లేజర్ శాస్త్రంలో ఇంత అందమైన అధ్యాయం మరొకటి లేదని నా నమ్మకం.

ముందు అవసరమైనంత చరిత్ర చెప్పుకుందాం. ఉత్తేజిత స్థితిలో ఉన్న అణువు పక్కనుంచి సరైన పౌనఃపున్యం గల ఫోటాన్ వెళితే, ఆ అణువు అలాంటిదే మరో ఫోటాన్‌ను అదే దిశలో విడుదల చేస్తుందని ఐన్‌స్టీన్ 1917 నాటి పత్రంలో చూపించాడు. అది ప్రయోగశాలలో పనిముట్టుగా మారడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. 1954లో టౌన్స్ బృందం అమ్మోనియా అణువుల పుంజంతో, లేజర్‌కు మైక్రోతరంగ రూపమైన మేజర్‌ను నడిపింది. 1960 మే 16న మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజర్‌ను వెలిగించాడు. ఆ ఏడాది డిసెంబర్‌లోనే బెల్ ల్యాబ్స్‌లో జవాన్, బెన్నెట్, హెరియట్ హీలియం, నియాన్ మిశ్రమంతో మొదటి వాయు లేజర్‌ను నడిపారు. మన కథానాయకుడైన కార్బన్ డయాక్సైడ్ లేజర్ 1964లో వచ్చింది. అదీ బెల్ ల్యాబ్స్‌లోనే. చేసినవాడు కుమార్ పటేల్, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి పూణేలో ఇంజనీరింగ్ చదివినవాడు.

లేజర్ నుంచి రెండు అద్దాలూ తీసేస్తే మిగిలేది ఆంప్లిఫయర్. లోపల దిగువ స్థాయిలో కంటే ఎగువ స్థాయిలో ఎక్కువ అణువులు ఉంటాయి. బయట తయారైన చిన్న పల్సు ఈ చివర ప్రవేశించి, దారిలో ఫోటాన్లను పోగుచేసుకుంటూ ఆ చివర బయటపడుతుంది. పల్సు బలహీనంగా ఉన్నంతసేపూ లెక్క సులువు. ప్రతి సెంటీమీటరుకూ ఇంత శాతం పెరుగుతుంది, అంతే. చిక్కంతా పల్సు బలపడ్డాక వస్తుంది. ఎందుకంటే పల్సుకు అందే ప్రతి కొత్త ఫోటాన్‌తో ఎగువ స్థాయిలో ఒక అణువు తగ్గుతుంది, దిగువ స్థాయిలో ఒకటి పెరుగుతుంది.

దీన్ని కచ్చితంగా లెక్కగట్టినవాళ్ళు ఫ్రాంట్జ్, నాడ్విక్. వాళ్ళ పత్రం 1963లో వచ్చింది. లేజర్ పుట్టి అప్పటికి మూడేళ్ళే అయింది, అయినా ఆ సమీకరణాన్ని ఈనాటికీ పెద్ద పెద్ద లేజర్ల రూపకల్పనలో వాడుతున్నారు. అందులో కీలకమైన రాశి సంతృప్త శక్తి సాంద్రత. ఒక చదరపు సెంటీమీటరు గుండా ఎంత శక్తి ప్రవహిస్తే అక్కడి పెంపు గట్టిగా తగ్గిపోతుందో చెప్పే కొలత ఇది. ఒక ఉదాహరణ చేతిలోకి తీసుకుందాం. బలహీనమైన పల్సును నూరు రెట్లు చేసే ఆంప్లిఫయర్ మన దగ్గర ఉంది. సంతృప్త శక్తి సాంద్రతను ఒక యూనిట్ అనుకుందాం. 0.001 యూనిట్ పంపితే 95 రెట్లయి వస్తుంది. 0.1 యూనిట్ పంపితే 24 రెట్లే వస్తుంది. ఒక పూర్తి యూనిట్ పంపితే అయిదు రెట్ల పైచిలుకు, అంతకంటే రాదు. ఎందుకంటే ఆ గొట్టంలో తీసుకోవడానికి ఉన్న మొత్తం నిల్వే 4.6 యూనిట్లు. నూరు సంఖ్య సహజ సంవర్గమానం అది. ఇచ్చిన యూనిట్ పోను 4.15 యూనిట్లు తెచ్చుకుంది. నిల్వలో తొంభై శాతం ఊడ్చుకొచ్చిందన్నమాట. అంటే మంచి గుణకారం కావాలంటే శక్తిని గొట్టంలోనే వదిలేయాలి, శక్తి కావాలంటే గుణకారాన్ని వదులుకోవాలి. పెద్ద లేజర్లను ఒకదాని తర్వాత ఒకటిగా అంచెలంచెలుగా కట్టడానికి కారణం ఇదే. మొదటి అంచెల పని గుణించడం, చివరి అంచె పని ఊడ్చుకురావడం.

ఇక్కడిదాకా మాట్లాడింది మొత్తం శక్తి గురించి. పల్సు లోపల ఏం జరుగుతున్నదో చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పెళ్ళిలో మొదటి బంతికి అన్నీ నిండుగా వడ్డిస్తారు, చివరి బంతికి వచ్చేసరికి గిన్నెలు ఖాళీ అవుతాయి. పల్సు ముందు అంచు గొట్టంలోకి వచ్చినప్పుడు అణువులన్నీ ఎగువ స్థాయిలోనే ఉన్నాయి కాబట్టి దానికి పూర్తి నూరు రెట్లూ దక్కుతాయి. నడుము భాగం వచ్చేసరికి నిల్వ తరిగింది. తోక వచ్చేసరికి ఎగువా దిగువా సమానమై ఉంటాయి, తోక ఎంతగా వచ్చిందో అంతగానే బయటికి పోతుంది. దాంతో పల్సు బరువంతా ముందుకు జరుగుతుంది. లోపలికి వెళ్ళినప్పుడు నడుమ ఉన్న శిఖరం బయటికి వచ్చేసరికి ముందు అంచు వైపు పోతుంది.

ఈ జరుగుడు ఎంత దూరం పోగలదో 1960ల మధ్యలో మాస్కోలోని లెబెదెవ్ సంస్థలో బసోవ్ బృందం చూపించింది. వాళ్ళు వాడింది కెంపు ఆంప్లిఫయర్, కానీ తర్కం వాయువుకూ అదే. పల్సు ముందు అంచు మెల్లగా, నిదానంగా లేచేదైతే, ఆ అంచు పెరిగి పెరిగి కొత్త శిఖరమవుతుంది, తోక మాత్రం పెరగదు. బయట నిలబడి శిఖరం ప్రయాణాన్ని మాత్రమే కొలిచేవాడికి అది కాంతి వేగాన్ని మించి పోయినట్టు కనిపిస్తుంది. అదే పల్సు ముందు భాగాన్ని నిటారుగా కత్తిరించి పంపితే శిఖరం ఎక్కడికీ జరగలేదు. పల్సు పదునెక్కి పొట్టిదవుతుంది. సాపేక్ష సిద్ధాంతానికి ఇందులో ఏ భంగమూ లేదు. కత్తిరించిన అంచు ఏ మాధ్యమంలోనైనా శూన్యంలో కాంతి వేగాన్ని దాటలేదని సోమర్‌ఫెల్డ్, బ్రిల్వాఁ 1914లోనే నిరూపించారు. కబురు మోసేది ఆ అంచు, శిఖరం కాదు.

వాయువులో ఈ కథకు మరో మలుపు 2000 సంవత్సరంలో వచ్చింది. ప్రిన్స్‌టన్‌లోని ఎన్ఈసీ పరిశోధన సంస్థలో వాంగ్, కుజ్మిచ్, దొగారియు 6 సెంటీమీటర్ల సీజియం ఆవిరి గొట్టంలో దగ్గర దగ్గరగా రెండు పెంపు రేఖలను సృష్టించి, ఆ రెండింటి మధ్య పౌనఃపున్యంలో ఒక పల్సును పంపారు. శూన్యంలో 6 సెంటీమీటర్లు దాటడానికి కాంతికి 0.2 నానోసెకను పడుతుంది. ఆ పల్సు శిఖరం అంతకంటే 62 నానోసెకన్లు ముందుగా బయటికి వచ్చింది. పల్సు పొడవే కొన్ని మైక్రోసెకన్లు కాబట్టి ఈ ముందుకు జరగడం దాని మొత్తం ఆకారంలో చిన్న భాగమే. ఇక్కడ నిల్వ తరిగిపోవడంతో పనిలేదు. రెండు రేఖల మధ్య వక్రీభవనం పౌనఃపున్యంతో మారే తీరు వల్ల, ముందు అంచులో ఉన్న సమాచారం నుంచే వాయువు శిఖరాన్ని ముందుగా కూర్చి పెట్టింది. అప్పట్లో పత్రికలు కాంతి వేగం ఓడిపోయిందని రాశాయి. ఆ శీర్షికలకంటే ప్రయోగం చెప్పిన అసలు సంగతే నాకు గొప్పగా కనిపిస్తుంది: నునుపైన పల్సు తన భవిష్యత్తునంతా తన ముందు అంచులోనే మోసుకొస్తుంది.

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్‌కు వద్దాం. ఈ ఉపన్యాసంలో ఎక్కువ సేపు దీనిమీదే ఉంటాను, ఎందుకంటే ఒకే వాయువులో ఇన్ని రకాల వ్యవధులు ఇంత స్పష్టంగా కనిపించే చోటు నాకు మరొకటి తెలియదు.

ఈ లేజర్ వాయువులో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, హీలియం కలిసి ఉంటాయి. విద్యుత్ ఉత్సర్గంలోని ఎలక్ట్రాన్లు నైట్రోజన్‌ను తేలిగ్గా కంపింపజేస్తాయి. నైట్రోజన్‌లో ఉన్నవి రెండూ ఒకే రకం పరమాణువులు కావడంతో దానికి ద్విధ్రువం లేదు, అది ఆ శక్తిని కాంతిగా వెదజల్లలేదు, దాచుకుంటుంది. నైట్రోజన్ మొదటి కంపన స్థాయి సుమారు 2330 తరంగ సంఖ్యల దగ్గర ఉంది. కార్బన్ డయాక్సైడ్ అసౌష్ఠవ సాగుడు కంపనం 2349 దగ్గర ఉంది. ఆ తేడా గది ఉష్ణోగ్రతలో అణువుల ఉష్ణశక్తిలో పదో వంతు కూడా లేదు. అందుకని ఢీకొన్నప్పుడు శక్తి ఒకదాని నుంచి మరోదానికి దాదాపు నష్టం లేకుండా మారుతుంది. ప్రకృతిలో ఇలాంటి పొంతన దొరకడం మన అదృష్టం. ఎగువ స్థాయి నుంచి దిగేటప్పుడు 10.6 మైక్రోమీటర్ల పరారుణ కాంతి వస్తుంది. కింద ఖాళీ చేసే పని హీలియంది.

వాతావరణ పీడనం దగ్గర నైట్రోజన్ తన శక్తిని అప్పగించడానికి మైక్రోసెకన్ల కాలం పడుతుంది. దీన్ని కళ్ళతో చూడవచ్చు. 1970లో కెనడాలోని క్విబెక్ దగ్గర వాల్‌కార్టియర్ రక్షణ పరిశోధన కేంద్రంలో బోల్యూ వెల్లడించిన లేజర్ రకం ఒకటుంది. టీఈఏ లేజర్ అంటారు. అంతకుముందు గొట్టం పొడవునా ఉత్సర్గం నడిపేవాళ్ళు, పీడనం తక్కువగా ఉంచాల్సి వచ్చేది. బోల్యూ ఉత్సర్గాన్ని అడ్డంగా నడిపి పీడనాన్ని వాతావరణ స్థాయికి తెచ్చాడు. ఆ లేజర్ పక్కన నిలబడితే ప్రతి షాట్‌కూ ఠప్పున చప్పుడు వినిపిస్తుంది, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఊదారంగు వెలుగు ఒక్క క్షణం నిండుగా పరుచుకుంటుంది. పుంజం కంటికి కనిపించదు కాబట్టి దారిలో ఉష్ణ కాగితం పెడతాం, ఫ్యాక్స్ యంత్రంలో వాడే రకం. దానిమీద చతురస్రంగా నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చలో ఒక మూల లేతగా ఉంటే అద్దం సరిచేసుకోవాలి. ఆసిలోస్కోప్ తెర మీద మాత్రం కథ పూర్తిగా వేరు. ముందు వంద నానోసెకన్ల ఉరవడిలో నిటారైన శిఖరం, దాని వెనక ఒకటి రెండు మైక్రోసెకన్లు సాగే పొడుగాటి తోక. శిఖరం కార్బన్ డయాక్సైడ్ సొంత నిల్వ. తోక నైట్రోజన్ ఆలస్యంగా చెల్లించిన బాకీ. మిశ్రమంలో నైట్రోజన్ తగ్గిస్తే తోక కుంచించుకుపోతుంది. విద్యార్థుల చేత మొదట చేయించవలసిన ప్రయోగం ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే అణువుల మధ్య జరిగే వ్యవహారం తెరమీద గీతగా కనిపించే చోట్లు తక్కువ.

ఇప్పుడు ఇలాంటి వాయువులోకి బయటినుంచి ఒక నానోసెకను పల్సు వచ్చిందనుకోండి. దానికి నైట్రోజన్ ఉన్నా లేనట్టే. అది వచ్చి పోయేదాకా నైట్రోజన్ కదలదు. కానీ దానికంటే చాలా వేగంగా జరిగేది మరొకటి ఉంది. ఎగువ కంపన స్థాయిలో ఉన్న అణువులన్నీ ఒకేలా లేవు. అవి వేరు వేరు వేగాలతో గిరగిర తిరుగుతున్నాయి. క్వాంటం నియమం ప్రకారం ఆ తిరుగుడుకు మెట్లున్నాయి. ఏ ఒక్క మెట్టు మీదా మొత్తం అణువుల్లో పదిహేనో వంతుకు మించి ఉండవు. వర్ణపటంలో ఒక్క గీత మీద నడిచే లేజర్ ఆ ఒక్క మెట్టునే ఖాళీ చేస్తుంది. అయితే ఢీకొనడాల వల్ల పక్క మెట్ల మీది అణువులు వచ్చి ఆ ఖాళీని పూరిస్తాయి. వాతావరణ పీడనంలో దీనికి పట్టే కాలం ఒక నానోసెకనులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. కాబట్టి నానోసెకను పల్సుకు మెట్లన్నిటి శక్తీ దక్కుతుంది. యాభై పికోసెకన్ల పల్సుకు ఒక్క మెట్టు శక్తే దక్కుతుంది. పక్క మెట్లు కదిలేలోపే అది దాటిపోతుంది. అదే గొట్టం, అదే నిల్వ. "ఎంత సేపట్లో?" అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు.

దీని పర్యవసానం ఒకప్పుడు చాలా పెద్ద స్థాయిలో తెలిసింది. అమెరికాలోని లాస్ అలమాస్ ప్రయోగశాల 1970లలో, 80లలో కార్బన్ డయాక్సైడ్ లేజర్లతో కేంద్రక సంలీనం సాధించాలని ప్రయత్నించింది. హీలియోస్ అనే లేజర్ తర్వాత 1983లో పూర్తయిన అంటారెస్ 24 పుంజాలతో, సుమారు నానోసెకను పల్సులో 40 కిలోజౌళ్ళు ఇవ్వాలన్న లక్ష్యంతో కట్టింది. అంత శక్తిని అంత తక్కువ వ్యవధిలో పిండుకోవాలంటే ఒక్క గీత చాలదు, ఒకేసారి అనేక గీతల మీద నడిచే పల్సును ఆంప్లిఫయర్లకు అందించాలి. ఆ కిటుకులన్నీ అక్కడే పండాయి. ఆంప్లిఫయర్లు బాగానే పనిచేశాయి, లక్ష్యం దగ్గర ఇబ్బంది ఎదురైంది. తరంగదైర్ఘ్యం పొడుగు కావడంతో ప్లాస్మాలో మితిమీరిన వేడి ఎలక్ట్రాన్లు పుట్టి ఇంధనాన్ని నొక్కకముందే వేడెక్కించాయి. 1980ల మధ్యకల్లా సంలీనానికి ఆ దారి మూసుకుపోయింది. అక్కడ నేర్చుకున్న వాయు భౌతికం మాత్రం వృథా కాలేదు.

ఇంకా పొట్టిగా పోదాం. ఒక పికోసెకను.

పొట్టి పల్సు అంటే పౌనఃపున్యాల పెద్ద గుంపు. గాసియన్ ఆకారంలో ఒక పికోసెకను పల్సుకు 440 గిగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. వాతావరణ పీడనంలో కార్బన్ డయాక్సైడ్ గీత ఒక్కోదాని వెడల్పు నాలుగు గిగాహెర్ట్జ్ లోపే. దానిగుండా నేరుగా పోగలిగే పల్సు వంద పికోసెకన్లకు తగ్గదు. టైటానియం సఫైర్ స్ఫటికానికి ఈ ఇబ్బంది లేదు, 650 నుంచి 1100 నానోమీటర్ల దాకా దాని పెంపు పరుచుకుని ఉంటుంది. వాయువులో ఒక గీత తర్వాత ఖాళీ, మళ్ళీ గీత, మళ్ళీ ఖాళీ. 10.6 మైక్రోమీటర్ల శాఖలో గీతకూ గీతకూ దూరం సుమారు 55 గిగాహెర్ట్జ్.

ఇలాంటి వాయువులోకి పికోసెకను పల్సు వస్తే పల్సు పౌనఃపున్యాల్లో గీతల మీద పడినవి మాత్రం పెరుగుతాయి, మిగతావి పెరగవు. సమానమైన ఎడంలో ఉన్న పౌనఃపున్యాలను కలిపితే కాలంలో ఏం వస్తుందో మీకు తెలుసు. సమానమైన ఎడంలో పల్సుల వరస వస్తుంది. 55 గిగాహెర్ట్జ్‌కు తలకిందులు 18 పికోసెకన్లు. ఒక్క పల్సు లోపలికి పోయి, 18 పికోసెకన్లకొకటి చొప్పున వరసగా పల్సులు బయటికి వస్తాయి.

ఇదే సంగతిని అణువుల వైపునుంచి చూస్తే ఇంకా బాగుంటుంది. ఆ పీడనంలో అణువు ద్విధ్రువం తన లయను మరిచిపోవడానికి ఎనభై పికోసెకన్లు పడుతుంది. పల్సు అంతకంటే ఎంతో పొట్టిది. అది తాకి వెళ్ళిపోయాక కూడా వేరు వేరు మెట్ల మీది అణువులు తమ తమ పౌనఃపున్యాలతో మోగుతూనే ఉంటాయి. వెంటనే వాటి లయలు చెదిరిపోతాయి. 18 పికోసెకన్ల తర్వాత అన్నీ మళ్ళీ ఒక్క తాళానికి వస్తాయి, వాయువు మరో పల్సును పుట్టిస్తుంది. మళ్ళీ చెదురుతాయి, మళ్ళీ కలుస్తాయి. ఫ్రాంట్జ్, నాడ్విక్ సమీకరణానికి ఇది అందదు. పల్సు వెళ్ళిపోగానే అణువు దాన్ని మరిచిపోతుందని ఆ సమీకరణం అనుకుంటుంది. ఇక్కడ మరిచిపోవడానికి వ్యవధి చాలలేదు. మెక్‌కాల్, హాన్ 1967లో కెంపులో చూపిన స్వయంప్రేరిత పారదర్శకత, 1973లో ఎంఐటీలో ఫెల్డ్ బృందం హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాయువులో చూసిన అతివికిరణం, అన్నీ ఈ జ్ఞాపకం ఉన్నంతలోనే జరిగేవి.

మరి నునుపైన ఒకే ఒక్క పికోసెకను పల్సు కావాలంటే? గీతల మధ్య ఖాళీలు పూడ్చాలి. పీడనం పెంచితే గీతలు వెడల్పవుతాయి. పది అట్మాస్ఫియర్ల దగ్గర ఒకదాన్నొకటి తాకడం మొదలుపెడతాయి, పూర్తిగా నునుపు కావాలంటే అంతకు రెట్టింపు పైనే కావాలి. అంత పీడనంలో పెద్ద ఎడంలో సమమైన ఉత్సర్గం నడపడం ఇంజనీర్లకు నరకం, వోల్టేజి పీడనంతోపాటు పెరుగుతుంది, కాస్త ఏమరిస్తే ఉత్సర్గం ఒక్కచోట మెరుపుతీగగా కుదించుకుపోతుంది.

రెండో దారి నాకు ఎంతో ఇష్టమైనది. దానికి మన ప్రాంతంతో ఒక బంధుత్వం ఉంది. రామన్ శిష్యుడు సూరి భగవంతం గారు, టి. వెంకటరాయుడు గారు కలిసి రాసిన గ్రూపు సిద్ధాంత గ్రంథాన్ని 1948లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చువేసింది. అణువుల సౌష్ఠవాన్ని బట్టి వాటి కంపనాల్లో ఏది వర్ణపటంలో కనిపిస్తుంది, ఏది కనిపించదు అని తేల్చే పద్ధతిని తరాల విద్యార్థులు ఆ పుస్తకంలో నేర్చుకున్నారు. ఇక్కడ సరిగ్గా ఆ రకం ఆలోచనే కావాలి. మామూలు కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్‌కు రెండు వైపులా ఉన్నవి ఒకే ఆక్సిజన్-16 కేంద్రకాలు, వాటి స్పిన్ సున్నా. ఆ రెండింటినీ అటూ ఇటూ మార్చినా అణువులో తేడా తెలియకూడదు. ఆ నియమం వల్ల ఎగువ స్థాయిలో బేసి మెట్లు మాత్రమే బతుకుతాయి, సరి మెట్లు అసలు ఉండవు. ఉండవలసిన గీతల్లో సగం లేకుండా పోయాయి. ఖాళీలు అంత పెద్దవి కావడానికి కారణం సౌష్ఠవమే.

అయితే ఆ సౌష్ఠవాన్ని పోగొట్టవచ్చు. ఒకవైపు ఆక్సిజన్-16, మరోవైపు ఆక్సిజన్-18 ఉంటే రెండు చివరలూ ఇక ఒకటి కావు, నిషేధం తొలగిపోతుంది, అన్ని మెట్లూ తిరిగి వస్తాయి. రెండు ఐసోటోపులనూ సమానంగా కలిపి పరమాణువులను కలగలవనిస్తే అణువుల్లో సగం ఇలాంటివే ఉంటాయి. మిగతావాటిలో సగం రెండు వైపులా 16, సగం రెండు వైపులా 18. మూడు రకాల గీతలూ ఒకదాని ఖాళీలో మరొకటి పడతాయి. పది అట్మాస్ఫియర్ల దగ్గరే పెంపు దాదాపు నునుపవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పోగొరెల్స్కీ, పాల్యాన్స్కీ తదితరులు ఏళ్ళతరబడి ఈ దారిని పట్టుకుని నడిచారు. 1985లో స్ట్రిక్‌లండ్, మూరూ చూపిన పద్ధతిని, అంటే పల్సును ముందు సాగదీసి, పెంచి, తర్వాత కుదించే పద్ధతిని వాయు లేజర్‌కు అన్వయించారు. 2020 నాటికి 2 పికోసెకన్లలో 5 టెరావాట్ల పల్సు వాళ్ళ చేతికి వచ్చింది. 10 మైక్రోమీటర్ల కాంతికి ఒక్క కంపనమే 33 ఫెమ్టోసెకన్లు. అంటే ఆ పల్సులో ఉన్నవి ఓ అరవై కంపనాలు.

మూడో దారి కాంతి బలాన్నే వాడుకోవడం. కాంతి చాలా తీవ్రంగా ఉన్నప్పుడు అణువును ఎగువకూ దిగువకూ అంత వేగంగా ఊపుతుంది కాబట్టి ఆ ఊపే గీతను వెడల్పు చేస్తుంది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చాన్ జోషి బృందం దీన్ని తమ చివరి ఆంప్లిఫయర్‌లో వాడుకుంది. మన దేశంలో పుట్టిన శాస్త్రవేత్తే ఆయన. హేబర్‌బర్గర్, టోచిట్స్కీలతో కలిసి 2010లో ఆ బృందం వెల్లడించిన ఫలితంలో 3 పికోసెకన్ల పల్సుల వరస, ఒకదానికొకటి 18.5 పికోసెకన్ల ఎడం, శిఖర సామర్థ్యం 15 టెరావాట్లు. వరసను వాళ్ళు అడ్డంకిగా చూడలేదు. దాన్ని హైడ్రోజన్ వాయు ధార మీద కొట్టి ప్లాస్మాలో ఆఘాత తరంగం పుట్టించారు, దాని ముందు ప్రోటాన్లు 20 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, చాలా సన్నటి శక్తి వ్యాప్తితో బయటికి వచ్చాయి. తరంగదైర్ఘ్యం ఎంత పొడుగైతే కాంతిని ఆపడానికి కావలసిన ప్లాస్మా సాంద్రత అంత తక్కువ. 1 మైక్రోమీటరు కాంతికంటే ఇక్కడ వందో వంతు చాలు. అందుకే ఘన రేకు అవసరం లేకుండా వాయు ధారతోనే పని జరిగింది. లాస్ అలమాస్‌లో సంలీనానికి అడ్డుపడిన ఆ పొడుగు తరంగదైర్ఘ్యమే ఇక్కడ కావలసిన గుణమైంది.

ఎక్సైమర్ అనే మరో రకం వాయు లేజర్ల గురించి కూడా రెండు మాటలు. క్రిప్టాన్ ఫ్లోరైడ్ 248 నానోమీటర్ల అతినీలలోహిత కాంతినిస్తుంది. దాని ఎగువ స్థాయి కొద్ది నానోసెకన్లే బతుకుతుంది, చదరపు సెంటీమీటరుకు సుమారు 2 మిల్లీజౌళ్ళకే సంతృప్తమవుతుంది. ఇది నిల్వ ఉంచే వాయువు కాదు, వచ్చింది వచ్చినట్టు ఖర్చుపెట్టాలి. ఎలక్ట్రాన్ పుంజం వందల నానోసెకన్లు శక్తి పోస్తూనే ఉంటుంది, మనకు కావలసిన పల్సు కొన్ని నానోసెకన్లే. అందుకని అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాల తన నైకీ లేజర్‌లో 4 నానోసెకన్ల పల్సులను ఒకదాని వెంట ఒకటిగా, కొద్దికొద్దిగా వేరు కోణాల్లో ఆంప్లిఫయర్ గుండా పంపింది. బయటికి వచ్చాక ముందు వచ్చినవాటిని పొడుగు దారిలో, వెనక వచ్చినవాటిని దగ్గర దారిలో నడిపి, ఆ పుంజాలను లక్ష్యం దగ్గరికి ఒకే క్షణానికి చేర్చింది. కాంతి నానోసెకనుకు ముప్పై సెంటీమీటర్లు నడుస్తుందన్న లెక్క తప్ప ఇందులో మాయ ఏదీ లేదు.

చివరగా ఇప్పుడు జరుగుతున్నది. కార్బన్ డయాక్సైడ్‌కు విద్యుత్ ఉత్సర్గమే అక్కర్లేదన్న ఆలోచన ఒకటి బలపడుతున్నది. అణువును 4.3 మైక్రోమీటర్ల కాంతితో నేరుగా ఎగువ స్థాయికి లేపవచ్చు. ఇనుము కలిపిన జింక్ సెలెనైడ్ స్ఫటికంతో నడిచే లేజర్లు ఆ ప్రాంతపు కాంతినిస్తున్నాయి. వాటితో లేపితే ఉత్సర్గం ఒక్కచోటికి కుదించుకుపోయే బెడద ఉండదు, పీడనాన్ని పెంచుకుంటూ పోవచ్చు. 2021లో టోవీ, టోచిట్స్కీ తదితరులు 15 అట్మాస్ఫియర్ల వాయువులో ఇలా లేజర్ నడిపి చూపించారు. వాయువు నింపిన గది చిన్నది, వచ్చే శక్తీ చిన్నదే. దీన్ని జౌళ్ళ స్థాయికి తేవాలంటే 4.3 మైక్రోమీటర్ల దగ్గర ఇంకా ఎన్నో రెట్లు శక్తిగల పంపు లేజర్ కావాలి, అది వాయువు లోపలికి ఎంత లోతు పోతుందో, దారిలోనే ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టాలి. ఆ లెక్కలో ఐసోటోపుల పాలు, పీడనం, పల్సు వ్యవధి మూడూ ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఎమ్మెస్సీ విద్యార్థి ఒకరు మామూలు కంప్యూటర్ మీద దీని మొదటి అంచనా వేయవచ్చు. ఎవరైనా ముందుకు వస్తే, కూర్చుని ఆ సమీకరణాలు రాయడానికి నేను సిద్ధంగా ఉన్నాను.